కుస్కోకు ఒంటరిగా: మూడు లక్షలు చాలు, వరసే మార్చాలి

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. వచ్చే మే నెలలో పెరూలోని కుస్కోకు ఒక్కదాన్నే వెళ్ళి, పాతకాలపు ఇంకా రాజుల శిథిల నగరం మచు పిచ్చు చూడాలని ఉంది. సెలవులూ వారాంతాలూ కలిపి 14 రోజులు, చేతిలో 3 లక్షలు. అమెరికా బి1/బి2 వీసా 2031 వరకు ఉంది. శాకాహారిని. నా ప్లాన్ ఇది: రాజధాని లిమాలో దిగగానే కుస్కో ఫ్లైట్, మర్నాడు రెయిన్‌బో మౌంటెన్, ఆ తర్వాత మచు పిచ్చు, చివరి మూడు రోజులు లిమా. మచు పిచ్చు రైలు టికెట్లు ఇప్పుడు ఆఫర్‌లో ఉన్నాయి, కొనేయనా? డబ్బు సరిపోతుందా? ఇంట్లో వాళ్ళ భయం ఎలా పోగొట్టాలి?
- ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి

సమాధానం: రైలు టికెట్లు ఇప్పుడే కొనకండి. ముందు తేల్చాల్సింది అదే. డబ్బు సంగతి అంటారా, మూడు లక్షలు సరిపోతాయి, కాస్త మిగులుతాయి కూడా. మీ ప్లాన్‌లో తేడా అంతా వరసలో ఉంది. ఏది ముందు కొనాలి, ఏ ఊరు ముందు ఎక్కాలి అనే రెండు వరసలూ తలకిందులయ్యాయి.

కొనే వరసతో మొదలుపెడదాం. ఈ ప్రయాణంలో ఇరుకు సందు ఒక్కటే, మచు పిచ్చు ప్రవేశ టికెట్. రోజుకు 4,500 మందినే లోపలికి పంపుతారు, రద్దీ ఎక్కువుండే కొన్ని తేదీల్లో మాత్రం 5,600. రైళ్ళు రోజంతా ఉంటాయి, గదులు కావలసినన్ని, విమానాలకు లోటు లేదు. కానీ మీకు కావలసిన రోజున, కావలసిన గంటకు, కావలసిన దారికి ప్రవేశం దొరక్కపోతే మిగతావన్నీ ఉండి ఏం లాభం? ఆఫర్ చూసి ముందు రైలు కొనేసి, తర్వాత ఆ తేదీకి ప్రవేశం లేదని తెలుసుకుని, రైలు తేదీ మార్పుకు జరిమానా కట్టేవాళ్ళు ప్రతి సీజన్‌లోనూ ఉంటారు. కాబట్టి ముందు పెరూ సాంస్కృతిక శాఖ టికెట్ సైట్ 'తుబొలేతో'లో మీ తేదీలకు ఖాళీలు చూడండి. ఉన్నాయనుకున్నాక లిమాకు అంతర్జాతీయ ఫ్లైట్, అదే రోజు ప్రవేశ టికెట్, ఆ వెంటనే రైలు, ఆ తర్వాత లిమా-కుస్కో ఫ్లైట్, చివరగా గదులు. మొదటి మూడూ ఒకే కూర్చునుడులో అయిపోవాలి.

ప్రవేశ టికెట్ కొనేటప్పుడు 'సర్క్యూట్' అడుగుతుంది. 2024 జూన్ నుంచి లోపల నడిచే దారుల్ని మూడు సర్క్యూట్లుగా విడగొట్టి, ఒక్కోదాంట్లో మళ్ళీ ఉపదారులు పెట్టారు. ఏ దారికి కొంటే ఆ దారే. వెనక్కి తిరగనివ్వరు, బయటికొస్తే మళ్ళీ లోపలికి రానివ్వరు. ఒకటో సర్క్యూట్ పై మెట్ల వరసల మీద సాగుతుంది. అందరూ చూసిన ఆ ఫొటో అక్కణ్ణుంచి వస్తుంది, శిథిల నగరంలోకి మాత్రం దిగరు. మూడోది కింది భాగం. నగరం కొంత చూస్తారు, ఆ ఫొటో రాదు. రెండోదాంట్లో ఫొటో, నగరం రెండూ ఉంటాయి, అందుకే ముందు అయిపోయేదీ అదే. మొదటిసారి వెళ్ళేవాళ్ళు 2-ఎ గానీ 2-బి గానీ తీసుకోవాలి. విదేశీ పెద్దలకు 152 సోల్‌లు (సోల్ పెరూ కరెన్సీ). పక్కనున్న వైనా పిచ్చు శిఖరమో, మచు పిచ్చు పర్వతమో కలిపితే 200. మీ మొదటి ప్రయాణానికి ఆ శిఖరాలు అనవసరం, మెట్లు మోకాళ్ళు తీస్తాయి.

గంట విషయంలో ఒక మాట. ఆరుగంటల స్లాట్ కోసం అందరూ ఎగబడతారు. మేలో కూడా ఆ వేళ కొండ మీద మంచు కమ్ముకుని ఏమీ కనిపించని రోజులుంటాయి. ఎనిమిదో తొమ్మిదో తీసుకోండి. లోపల రెండున్నర, మూడు గంటలు పడుతుంది. లోపల మరుగుదొడ్లు లేవు, గేటు బయటే ఉన్నాయి, చిల్లర నాణేలు కావాలి. 40×35×20 సెంటీమీటర్లు మించిన బ్యాగు, ట్రైపాడ్, రబ్బరు తొడుగు లేని చేతికర్ర, తినుబండారాలు లోపలికి రావు.

ఆన్‌లైన్‌లో టికెట్లు అయిపోతే కింది ఊరు ఆగ్వాస్ కలియెంతెస్‌లో రోజుకు 1,000 టికెట్లు మర్నాటికోసం కౌంటర్లో అమ్ముతారు. పాస్‌పోర్ట్ పట్టుకుని క్యూలో నిలబడి వరస నంబరు తీసుకోవాలి, ఏ దారి దొరుకుతుందో మన చేతిలో ఉండదు. రోజులు లెక్కపెట్టుకుని వచ్చే ఉద్యోగులకు ఇది పనికొచ్చే దారి కాదు.

ఇక్కడ మన తెలుగువాళ్ళకే ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది, పేరు. ఫారంలో 'అపెయీదోస్' అంటే ఇంటిపేరు, 'నోంబ్రెస్' అంటే మన పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి మొత్తం పేరంతా రెండో గడిలో ఉన్నవాళ్ళు మనలో తక్కువేం కాదు. అలా ఉంటే ఫ్లైట్ టికెట్‌లో ఏ పద్ధతిలో రాశారో ప్రవేశ టికెట్‌లోనూ, రైలు టికెట్‌లోనూ అలాగే రాయండి. స్పానిష్ వాళ్ళకు తండ్రి ఇంటిపేరు, తల్లి ఇంటిపేరు అని రెండుంటాయి కాబట్టి కొన్ని ఫారాలు రెండో ఇంటిపేరు కూడా అడుగుతాయి. అక్కడ అమ్మగారి పుట్టింటి పేరు రాసి కొత్త తలనొప్పి తెచ్చుకోకండి, పాస్‌పోర్ట్‌లో లేనిది ఎక్కడా రాయకూడదు. అన్నిటికంటే ముఖ్యం పాస్‌పోర్ట్ నంబరు. గేటు దగ్గర, రైలెక్కేటప్పుడు అసలు పాస్‌పోర్ట్‌తో సరిచూస్తారు. ఈలోగా పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించాల్సి ఉంటే అది అయ్యాకే టికెట్లు కొనండి.

ఇక ఊళ్ళ వరస. కుస్కో సముద్రమట్టానికి దాదాపు 3,400 మీటర్ల ఎత్తు. అక్కడ మనం పీల్చే ప్రతి శ్వాసలో అందే ఆక్సిజన్ హైదరాబాద్‌తో పోలిస్తే బాగా తక్కువ, సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులు. లిమా సముద్రం ఒడ్డునే ఉంది. గంటా ఇరవై నిమిషాల విమానంలో సున్నా నుంచి 3,400కు ఎగరడం ఒంటికి పెద్ద కుదుపు. గమ్మత్తేమిటంటే దిగగానే ఏమీ అనిపించదు. అంతా బాగానే ఉంది కదా అని ఊరంతా తిరుగుతారు. ఆరు నుంచి పన్నెండు గంటల తర్వాత తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ఆ మర్నాడే మీరు రాసుకున్న రెయిన్‌బో మౌంటెన్! అసలు పేరు వినికుంకా. మన వినుకొండలా వినిపిస్తుంది గానీ పైన చూసే చోటు 5,000 మీటర్లు దాటుతుంది. తెల్లవారుజామున మూడు నాలుగింటికి వ్యాన్ ఎక్కించుకుపోతారు. నిద్రలేని తలనొప్పితో అంత ఎత్తు ఎక్కడమంటే జబ్బును పిలిచి కూర్చోబెట్టుకోవడమే.

దీనికి మందు కంటే ముందు ఒక తేలిక ఉపాయం ఉంది. కుస్కో విమానాశ్రయంలో దిగి కుస్కోలో ఉండకుండా నేరుగా కిందికి, పవిత్ర లోయలోని ఓయాంతైతాంబోకు వెళ్ళిపోవడం. అది దాదాపు 2,800 మీటర్లు. ఆగ్వాస్ కలియెంతెస్ ఇంకా కింద, 2,040. మచు పిచ్చు 2,430. అంటే అసలు చూడవలసిన చోటు కుస్కో కంటే దాదాపు కిలోమీటరు కింద ఉంది! మొదటి మూడు రాత్రులూ అక్కడే గడిపి, ఒళ్ళు అలవాటు పడ్డాక కుస్కోకు ఎక్కితే సగం బాధ తప్పుతుంది. పైగా మచు పిచ్చు రైలు ఎక్కేదీ ఓయాంతైతాంబోలోనే.

ఆ లెక్కన మీ 14 రోజులు ఇలా సర్దుకోవచ్చు. మొదటి రోజు హైదరాబాద్‌లో బయల్దేరితే రెండో రోజు సాయంత్రానికి లిమా. మూడో రోజు అక్కడే నిద్ర తీర్చుకోండి, పెరూ మనకంటే పదిన్నర గంటలు వెనక. నాలుగో రోజు పొద్దున్నే కుస్కో ఫ్లైట్, దిగి టాక్సీలో రెండు గంటలు ప్రయాణించి ఓయాంతైతాంబో. ఆ రోజు మెట్లెక్కవద్దు, కడుపు నిండా తినవద్దు, మద్యం ముట్టవద్దు. ఐదో రోజు ఆ ఊళ్ళోని ఇంకాల కోట తీరిగ్గా చూడండి. ఆరో రోజు మధ్యాహ్నం రైలు, గంటా ముప్పావు ప్రయాణం, రాత్రి ఆగ్వాస్ కలియెంతెస్‌లో మకాం. ఏడో రోజు ఎనిమిది గంటలకు మచు పిచ్చు, తిరుగు రైలు మధ్యాహ్నం రెండున్నర కంటే ముందుది తీసుకోవద్దు, ఎందుకంటే దిగే బస్సు క్యూ కొన్నిసార్లు గంట తినేస్తుంది. ఆ రాత్రికి కుస్కో, అక్కడ నాలుగు రాత్రులు. వినికుంకాకు వెళ్ళాలనే ఉంటే తొమ్మిదో రోజున. అప్పటికీ సందేహంగా ఉంటే పల్కోయో అనే మరో రంగుల కొండ ఉంది. ఎత్తు అంతకంతే ఉన్నా నడక చాలా తక్కువ. పదకొండో రోజు లిమాకు దిగి, పన్నెండో రోజు ఇంటి విమానం.

పదో రోజు కుస్కోలో ఏ పనీ పెట్టలేదని గమనించారా? అది సోమరితనానికి కాదు. ఆ ప్రాంతంలో సమ్మెలు మామూలు, 'పారో' అంటారు. రైలు పట్టాల మీద రాళ్ళు, దుంగలు పడేస్తారు, రోడ్లు మూసేస్తారు. 2023 జనవరి 21 నుంచి ఫిబ్రవరి 15 దాకా మచు పిచ్చు పూర్తిగా మూసే ఉంది. 2025 సెప్టెంబరులో కొండెక్కే బస్సుల కాంట్రాక్టు గొడవలో వందలాది పర్యాటకులు కింది ఊళ్ళో చిక్కుకుపోయారు. మచు పిచ్చు ముందుగా పెట్టి, తర్వాత ఖాళీ రోజు ఉంచుకుంటే ఒకటి రెండు రోజుల సమ్మె వచ్చినా అంతర్జాతీయ ఫ్లైట్ పోదు. లిమాకు మూడు రోజులు తగ్గించినందుకు మీకు బాధగా ఉండొచ్చు. మేలో లిమా ఆకాశం బూడిద రంగులోకి తిరిగి ఉంటుంది, పెద్దగా పోయేదేం లేదు.

ఎత్తు జబ్బుకు మందుల మాట. డాక్టరును అడిగి ఎసిటజోలమైడ్ రాయించుకోండి, మన దగ్గర డయామాక్స్ పేరుతో 250 మిల్లీగ్రాముల మాత్ర దొరుకుతుంది. నివారణకు వాడే మామూలు మోతాదు పొద్దున సగం, రాత్రి సగం, ఎత్తుకు వెళ్ళే ముందురోజు మొదలుపెట్టి పైకి చేరాక రెండు రోజుల దాకా. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, సోడా చప్పగా అనిపిస్తుంది. ఇవి మామూలే. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. ఇంట్లో ఉండగానే ఒక రోజు వేసుకుని చూడటం మంచిది, పరాయి ఊళ్ళో తిమ్మిర్లు చూసి హడలిపోకుండా.

ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు ఎత్తు విషయంలో ఉన్న అసలు ప్రమాదం వేరే. నడక తడబడటం, మాట తికమక పడటం మనకు మనం గుర్తించలేం, పక్కనున్నవాళ్ళే గుర్తించాలి. కాబట్టి దిగిన చోట రిసెప్షన్‌లో 'ఈ రోజే లిమా నుంచి వచ్చాను, రేపు పొద్దున తొమ్మిదింటికి నేను కిందికి రాకపోతే తలుపు కొట్టండి' అని చెప్పండి. అక్కడివాళ్ళకు ఇది కొత్త కాదు. పారాసిటమాల్‌కు తగ్గని తలనొప్పి, కూర్చున్నా ఆయాసం, అడుగు తూలడం - వీటిలో ఏది కనిపించినా పొద్దున్నదాకా చూద్దాం అనుకోకూడదు. వెంటనే ఆసుపత్రి, కిందికి దిగడం.

కాగితాలకు వద్దాం. మీ వీసాతో పెరూకు విడిగా వీసా అక్కర్లేదు. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ వీసాల్లో ఏదైనా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్న భారతీయులను పర్యటనకు అలాగే రానిస్తారు. ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నా సరే. వీసా పాత పాస్‌పోర్ట్‌లో ఉంటే రెండు పుస్తకాలూ పట్టుకెళ్ళండి. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉండి ఇది చదువుతున్న హెచ్-1బి వాళ్ళు మాత్రం ఆగి ఆలోచించండి. చేతిలో ఐ-797 ఆమోదపత్రం ఉన్నా పాస్‌పోర్ట్‌లో స్టాంపు గడువు తీరితే పెరూ మినహాయింపు వర్తించదు, పైగా తిరిగి అమెరికాలోకి రావడమే చిక్కు. పాత స్టాంపుతో తిరిగి రానిచ్చే సౌకర్యం మీకు కెనడా, మెక్సికోలకు 30 రోజుల్లోపు వెళ్ళొస్తేనే.

ఇక అందరూ మరిచేది ఎల్లో ఫీవర్ కార్డు. లిమా, కుస్కో, మచు పిచ్చు వరకే తిరిగేవాళ్ళకు ఆ జబ్బు భయం లేదు, పెరూ వాళ్ళు కార్డు అడగరు. అడిగేది మన దేశం. పెరూ భారత ప్రభుత్వ ఎల్లో ఫీవర్ జాబితాలో ఉంది. అక్కణ్ణుంచి ఆరు రోజుల్లోపు ఇక్కడ దిగేవాళ్ళ దగ్గర టీకా కార్డు లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టవచ్చు. మధ్యలో ఆమ్‌స్టర్‌డామ్‌లో విమానం మారినంత మాత్రాన ఆ లెక్క మారదు. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో టీకా వేస్తారు. వెళ్ళే ముందు ఏ రోజుల్లో వేస్తున్నారో కనుక్కోండి, అసలు పాస్‌పోర్ట్ తీసుకెళ్ళండి. వేసిన పదో రోజు నుంచి కార్డు చెల్లుతుంది, ఆపైన జీవితాంతం. గుడ్డు పడనివాళ్ళు, గర్భిణులు, రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవాళ్ళు, 60 దాటినవాళ్ళు టీకాకు ముందే డాక్టరుతో మాట్లాడాలి.

ఇప్పుడు డబ్బు. డాలరు 90 రూపాయలు, సోల్ 26 రూపాయలు అనుకుని లెక్క వేద్దాం. హైదరాబాద్ నుంచి లిమాకు నేరు విమానం లేదు. 2025 సెప్టెంబరు నుంచి మనకు ఆమ్‌స్టర్‌డామ్ విమానం ఉంది కాబట్టి, అక్కడొక్కచోట మారి లిమా చేరొచ్చు. అమెరికా వీసా ఉన్నందువల్ల యూరప్ విమానాశ్రయాల్లో ట్రాన్సిట్ వీసా బెడద మీకు లేదు. అమెరికా మీదుగా వెళ్తే అక్కడ ఇమిగ్రేషన్ దాటి, సామాను తీసుకుని మళ్ళీ ఇవ్వాలి. మధ్యలో కనీసం మూడు గంటలు ఉంచుకోండి. రానుపోను 1,50,000 పెట్టుకుందాం. లిమా-కుస్కో రానుపోను సామానుతో కలిపి 120 డాలర్లు, 10,800 రూపాయలు. ఇక్కడ చౌక ఎయిర్‌లైన్స్‌లో కనిపించే ధర సీటు కింద పట్టే చిన్న సంచికే. బ్యాగు విమానాశ్రయంలో కలిపితే టికెట్ ధరంత గుంజుతారు, ముందే కలపండి.

పది రాత్రులకు ఒంటరి గది సగటున 30 డాలర్లు, 27,000. విదేశీ పర్యాటకులకు హోటల్ బిల్లు మీద 18 శాతం పన్ను లేదు. పాస్‌పోర్ట్ చూపించి ఆ మినహాయింపు అడగండి, అడక్కపోతే కొన్నిచోట్ల వేసేస్తారు. మచు పిచ్చుకు ప్రవేశం 152 సోల్‌లు, రైలు రానుపోను 140 డాలర్లు, కొండెక్కే బస్సు రానుపోను 24 డాలర్లు, నలుగురితో కలిసి పంచుకునే గైడుకు 80 సోల్‌లు, వెరసి 20,800. అవును, మొత్తం యాత్రలో కొండ టికెట్ కంటే రైలే మూడు రెట్లు ఖరీదు. రైలు తప్పించుకునే దారి ఉంది. కుస్కో నుంచి ఆరేడు గంటలు వ్యాన్‌లో హిద్రోఎలెక్త్రికా అనే చోటు దాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పట్టాల పక్కన పదకొండు కిలోమీటర్లు నడవడం. ఎనిమిది వేలదాకా మిగులుతుంది, రెండు రోజులు పోతాయి, కొండ అంచు రోడ్డు మీద వ్యాన్ తోలే తీరు చూస్తే ప్రాణం పోయినంత పనవుతుంది. ఒక్కరే వెళ్తున్నప్పుడు వద్దు.

కుస్కో చుట్టుపక్కల ఇంకాల శిథిలాలకు 'బొలేతో తురిస్తికో' అనే ఉమ్మడి టికెట్ 130 సోల్‌లు, పది రోజులు చెల్లుతుంది. ఓయాంతైతాంబో కోటకు అదే కావాలి కాబట్టి ఐదో రోజున కొంటే పదో రోజు వరకూ పనికొస్తుంది. నగదు ఉంచుకోండి. అందులో కోరికాంచా సూర్యాలయం, కుస్కో కెథడ్రల్, మారాస్ ఉప్పు మడులు కలవవు. వినికుంకా టూరుకు, ప్రవేశంతో కలిపి మరో 130. ఈ రెండూ 6,800. భోజనం రోజుకు 70 సోల్‌ల చొప్పున పది రోజులకు 18,200. టాక్సీలకు 450 సోల్‌లు: లిమా విమానాశ్రయానికి నాలుగు ట్రిప్పులు 260, కుస్కో విమానాశ్రయం నుంచి ఓయాంతైతాంబో 120, తిరిగి కుస్కోకు షేర్ వ్యాన్ 15, మిగతాది ఊళ్ళో తిరగడానికి. అంటే 11,700. బీమా, టీకా, మందులు, సిమ్ కలిపి 6,500. ఏటీఎం, కార్డు రుసుములు 3,500.

అంతా కూడితే 2,55,300. మిగిలిన 44,700 షాపింగ్‌కు కాదు. తప్పిపోయిన రైలుకు, సమ్మెలో అదనపు రాత్రికి, కొత్త లిమా ఫ్లైట్‌కు. ఇద్దరు వెళ్తే గది, టాక్సీ సగమవుతాయి. ఒక్కరికి అవే భారం, అందుకే అత్యవసర నిధి ఒంటరి ప్రయాణికులకు పెద్దగానే ఉండాలి. బీమా కొనేటప్పుడు ఎత్తు షరతు చదవండి. ఫలానా మీటర్లు దాటిన ట్రెక్కింగ్‌కు వర్తించదని చాలా పాలసీల్లో ఉంటుంది, వినికుంకా 5,000 అని మరవకండి.

డబ్బు పట్టుకెళ్ళే తీరు కూడా చెప్పాలి. రూపాయలు అక్కడ ఎవరూ మార్చరు. 300 డాలర్ల నగదు, డాలర్ ఫారెక్స్ కార్డు ఒకటి, వేరే బ్యాంకుది మరో కార్డు, మూడూ మూడు చోట్ల పెట్టుకోండి. డాలర్ నోటు మీద రవ్వంత చిరుగు, సిరా గీత, ముద్ర ఉన్నా పెరూలో తీసుకోరు. ఇక్కడ కొనేటప్పుడే ఒక్కో నోటూ వెలుతురులో చూసి మార్పించుకోండి. ఏటీఎం ఒక్కోసారికి 20 నుంచి 35 సోల్‌లు పట్టుకుంటుంది, ఇచ్చేదేమో తక్కువ, అందుకని వంద వంద కాకుండా ఇచ్చినంతా ఒకేసారి తీయండి. మెషీన్ 'మీ దేశ కరెన్సీలో కట్టమంటారా' అని అడిగితే వద్దని సోల్‌లలోనే కట్టండి, ఆ ప్రశ్న మన జేబుకు చిల్లు. బయల్దేరేముందు బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ వాడకం, ఏటీఎం వాడకం రెండూ ఆన్ చేయండి. ప్రవేశ టికెట్ సైట్‌లో మన కార్డు తిరగబడటానికి మొదటి కారణం ఇదే.

తిండికి భయపడక్కర్లేదు గానీ మాట నేర్చుకోవాలి. 'సిన్ కార్నే' అంటే మాంసం లేకుండా అని అర్థమైనా, చాలామంది దృష్టిలో కోడి మాంసం కిందికి రాదు. 'సోయ్ వెహెతారియానా, నో కోమో కార్నే, ని పోయో, ని పెస్కాదో' అనండి. పోయో కోడి, పెస్కాదో చేప. కినువా సూపు కూడా తరచు కోడి ఉడికించిన నీళ్ళతోనే చేస్తారు, 'సిన్ కాల్దో దే పోయో' అని కలపండి. పెద్ద గింజల మొక్కజొన్న కండె ఉడకబెట్టి జున్ను ముక్కతో ఇస్తారు, బంగాళదుంపలకు లోటు లేదు, చైనా-పెరూ కలగలుపు 'చౌఫా' అన్నం కూరగాయలతో చేయించుకోవచ్చు. కారం కావాలంటే రొకోతో మిరపకాయ అడగండి. చూడ్డానికి చిన్న క్యాప్సికమ్, కొరికితే గుంటూరు గుర్తొస్తుంది. హాస్టల్ వంటింట్లో కందిపప్పు వండుకుందామనుకుంటే మానుకోండి, ఆ ఎత్తులో నీళ్ళు 89 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేనిదే పప్పు ఉడకదు. వేడినీళ్ళు పోస్తే అయ్యే ఉప్మా, పోహా పొట్లాలు నాలుగైదు చాలు. కుళాయి నీళ్ళు తాగకూడదు. కరెంటు 220 వోల్టులే, మన రెండు పిన్నుల ఛార్జర్ పడుతుంది, మూడు పిన్నులది పట్టదు.

ఇంట్లో వాళ్ళకు ధైర్యం చెప్పడానికి మాటల కంటే టైంటేబుల్ పనికొస్తుంది. అక్కడ పొద్దున ఎనిమిదైతే ఇక్కడ సాయంత్రం ఆరున్నర. రోజూ ఆ వేళకే ఫోన్ అని ముందే అనుకోండి. రైల్లో, కొండల్లో సిగ్నల్ ఉండదు కాబట్టి ఆరు, ఏడు, తొమ్మిది రోజుల్లో ఫోన్ రాకపోవచ్చని కూడా ముందే చెప్పండి. గదుల చిరునామాలు, రైలు నంబర్లు, బీమా పాలసీ, లిమాలోని భారత రాయబార కార్యాలయం నంబరు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అక్కడ చేయాల్సినవి కొన్నే. రాత్రి రోడ్డు మీద టాక్సీ ఆపకుండా యాప్‌లో పిలవడం, టాక్సీలో ఫోన్ కిటికీ పక్కన పట్టుకోకపోవడం, మచు పిచ్చు, రైలు రోజులు తప్ప పాస్‌పోర్ట్ గదిలో లాక్ చేసి నకలు పట్టుకుని తిరగడం. పెద్ద సూట్‌కేసు ఓయాంతైతాంబో హోటల్లో వదిలి చిన్న సంచితో రైలెక్కండి, రైల్లో సామాను బరువుకు హద్దుంది. హోటళ్ళలో సామాను ఉంచుకోవడం అక్కడ మామూలే. లిమా విమానాశ్రయానికి సాయంత్రం దిగుతున్నారు కాబట్టి మొదటి రాత్రి టాక్సీ మాత్రం హోటల్‌నే పంపమనండి, పది సోల్‌లు ఎక్కువైనా. మే రాత్రుల్లో కుస్కో దాదాపు సున్నా దగ్గరికి పడిపోతుంది, చవక గదుల్లో హీటర్ ఉండదు. పగటి ఎండ మాత్రం మాడ్చేస్తుంది, ఉన్నితో పాటు సన్‌స్క్రీన్ కూడా పెట్టుకోండి.

తిరుగు ప్రయాణానికి సామాను సర్దేటప్పుడు రెండు సంగతులు. కుస్కోలో ప్రతి హోటల్లోనూ కోకా (కొకైన్ తీసే ఆకు) టీ ఉచితంగా ఇస్తారు, అక్కడ అది చట్టబద్ధం, తాగొచ్చు. కానీ బహుమతిగా అమ్మే కోకా టీ పొట్లం, కోకా చాక్లెట్ ఏదీ బ్యాగులో పెట్టకండి. కోకా ఆకు మన ఎన్‌డీపీఎస్ చట్టంలో మాదకద్రవ్యమే, అమెరికాలోనూ నేరమే. ఇక ఆ ఎల్లో ఫీవర్ కార్డు చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు, చేతి సంచిలో ఉండాలి. శంషాబాద్‌లో ఆరోగ్య శాఖ కౌంటర్ సామాను బెల్టు కంటే ముందే వస్తుంది.